సాయం భోజనము: గృహస్థుని వంటయింటి చరిత్ర



సంధ్యాదీపము వెలిగిన తరువాత ప్రతి గృహములోను ఒక ప్రశ్న ఉదయించును: ఈ రాత్రికి ఏమి వండవలెను? సాధనామార్గములో ఉన్నవారు దీనికి మరియొక ప్రశ్నను జోడింతురు: వండినది సాత్త్వికమేనా? ఈ రెండవ ప్రశ్నకు నేడు సాధారణముగా లభించు సమాధానము ఒక పట్టిక. ఉల్లి వలదు, వెల్లుల్లి వలదు, కారము తగ్గింపవలెను, నిలువ ఉన్నది భుజింపరాదు అని ఆ పట్టిక చెప్పును. అది నిరుపయోగమని నా అభిప్రాయము కాదు. అయితే మన పూర్వుల వంటయింటి చరిత్రను శ్రద్ధతో పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. పదార్థములు ఎల్లప్పుడును మారుచునే వచ్చినవి. దేశమును బట్టి, ఋతువును బట్టి, పొలమునకు వచ్చిన కాలువను బట్టి, సముద్రముపై వచ్చిన ఓడను బట్టి మారినవి. మారక నిలిచిన ధర్మము వేరొకటి కలదు. ఆ ధర్మములో ఒక భాగమును మనము చాలకాలముగా విస్మరించితిమి. దానిని స్మరింపజేయుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఉపనిషత్తులలో అన్నము

తెలుగుదేశమందలి వైదిక కుటుంబములలో అధికభాగము కృష్ణయజుర్వేదమునకు, ఆపస్తంబ సూత్రమునకు చెందినవి. ఆ వేదమునకే చెందిన తైత్తిరీయోపనిషత్తులో, భృగువల్లియందు, భృగువు తన తండ్రియైన వరుణుని సమీపించి బ్రహ్మమును ఉపదేశింపుమని ప్రార్థించును. తపస్సు చేసి తెలిసికొనుమని తండ్రి ఆదేశించును. ఆ తపస్సులో భృగువునకు మొదట స్ఫురించినది అన్నమే. పిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము వరుసగా తెలియవచ్చినవి. ఆనందమును చేరిన తరువాత ఉపనిషత్తు అన్నమును విడిచిపెట్టవలసినది. కాని విడువలేదు. మరల అన్నము కడకే వచ్చి, దానిని నిందింపరాదనియు, త్రోసివేయరాదనియు, సమృద్ధముగా సమకూర్చుకొనవలెననియు, ఆశ్రయము కోరి వచ్చినవానిని వెనుకకు పంపరాదనియు నాలుగు వ్రతములను విధించినది. బ్రహ్మవిద్యలో కడపటి మెట్టు ఎక్కినవానికి ఇచ్చిన వ్రతములు ఇవి! గృహిణి ప్రతిదినము ఆచరించునవియు ఇవియే.

ఛాందోగ్యోపనిషత్తు అన్నమునకు మనస్సుతో గల సంబంధమును ఒక ప్రయోగముతో నిరూపించినది. ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతుని పదునైదు దినములు భోజనము మాని జలము మాత్రము త్రాగుమనెను. పదునారవ దినమున వేదమును వల్లింపుమనగా శ్వేతకేతునకు ఏదియు స్ఫురింపలేదు. భుజించి వచ్చిన తరువాత సమస్తమును తిరిగి జ్ఞప్తికి వచ్చినది. పన్నెండు సంవత్సరములు అభ్యసించిన విద్య పదునైదు దినముల ఆకలికి మరుగుపడినది. కావున ఆకలితో ఉన్న బాలునికి స్తోత్రము నేర్పబూనుటకు ముందు పిడికెడు అన్నము పెట్టవలెనని దీని తాత్పర్యము.

ఆ ఉపనిషత్తులోనే ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. కురుదేశమున పంటలు నశించి క్షామము వచ్చినది. క్షుధార్తుడైన ఉషస్తి ఇభ్యగ్రామమున ఒకడు గుగ్గిళ్ల వంటి కుల్మాషములను తినుచుండగా యాచించెను. అవి ఎంగిలివి తప్ప వేరు లేవని అతడు చెప్పినను ఉషస్తి స్వీకరించెను. తరువాత అతడు నీరు ఇవ్వబోగా మాత్రము ఎంగిలి యని నిరాకరించెను. ఇదేమి వైపరీత్యమని అతడు ప్రశ్నింపగా, ఆ గింజలు లేనిచో ప్రాణము నిలువదు, నీరు మరియొక చోట దొరకును అని ఉషస్తి సమాధానము. ప్రాణము ముందు, నియమము వెనుక. ప్రాణమునకు భయము లేనిచోట నియమమే ముందు. తినగా మిగిలినవానిని అతడు ఇంటికి తెచ్చి భార్యకు ఇచ్చెను. ఆమె అప్పటికే భిక్ష సంపాదించి యుండెను గనుక, వానిని దాచి, మరునాటి ప్రాతఃకాలమున భర్తకే ఇచ్చెను. ఆ గింజలు తిని రాజుగారి యజ్ఞమునకు వెళ్లిన ఉషస్తి అచట ఋత్విక్కులకు సామరహస్యములను బోధించెను. ఈ కథలో భార్య మాటలు కొన్నియే. కాని ఆమె దాచిన ఆ గింజలు లేనిచో ఆ బోధ జరిగియుండెడిది కాదు.

శిలపై చెక్కిన వంటశాల

వేదవాఙ్మయము నుండి చరిత్రకు అందు శాసనముల కాలమునకు వత్తము. కర్నూలు జిల్లాలో ఎర్రగుడి యను గ్రామమున్నది. అచటి బండలపై మౌర్య చక్రవర్తి అశోకుని శాసనములు బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కబడియున్నవి. అవి క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందినవి. ఆ శాసనమాలలో మొదటిది వంటశాలను గూర్చినది. పూర్వము రాజుగారి పాకశాలలో కూరల కొరకు ప్రతిదినము లక్షలాది ప్రాణులు వధింపబడెడివనియు, ఈ శాసనము వ్రాయించు నాటికి మూడు ప్రాణులు మాత్రమే, అనగా రెండు నెమళ్లును ఒక లేడియు, వధింపబడుచున్నవనియు, అందును లేడి నిత్యము కాదనియు, ఇకమీదట ఆ మూడును వధింపబడవనియు అందున్నది.

ఈ శాసనములోని నిజాయితీని గమనింపవలెను. చక్రవర్తి తన వంటయింటి లోపమును దాచలేదు. ఒక్క దినములో సమస్తమును మార్చితినని చెప్పుకొనలేదు. ఎంత తగ్గినదో, ఇంకను ఏమి మిగిలియున్నదో లెక్కతో సహా ప్రజల ముందుంచెను. శాకాహారము మన దేశమున ఆకాశమునుండి ఊడిపడినది కాదు. చరకసంహిత నిత్యసేవ్యములైన పదార్థములను చెప్పుచు శాలిధాన్యము, పెసలు, సైంధవలవణము, ఉసిరిక, యవలు, పాలు, నెయ్యి, తేనెలతో పాటు జాంగలమాంసమును కూడ పేర్కొన్నది. మనుస్మృతి మాంసమును గూర్చి దీర్ఘముగా చర్చించి, దానినుండి నివృత్తి పొందుట మహాఫలమని నిర్ణయించినది. అహింసను ఆశ్రయించిన ప్రతి వంశములోను ఒకప్పుడు ఎవరో ఒకరు ఆలోచించి, ఒక పాత్రను పొయ్యిపై నుండి దింపియుందురు. అట్టి నిర్ణయమును నేడు క్రొత్తగా చేయువారు, చక్రవర్తి వలెనే, మెల్లమెల్లగా చేసినను దోషము లేదు.

సూర్యుడు తెచ్చిన అతిథి

ధర్మశాస్త్రములు గృహస్థునకు రెండు పూటల భోజనమును విధించినవి: ప్రాతః, సాయం. ఈ రెండింటి నడుమ ఏమియు భుజింపనివాడు నిత్యోపవాసి యని మహాభారతము చెప్పుచున్నది. కఠినోపవాసములు చేయలేని గృహస్థునకు ఇంతకంటె సులభమైన వ్రతము వేరొకటి లేదు. మాటిమాటికి తినుట మానినచో చాలును.

రాత్రి భోజనమునకు ఒక ప్రత్యేకత కలదు. సాయంకాలమున వచ్చిన అతిథిని అస్తమించుచున్న సూర్యుడే తెచ్చి అప్పగించినట్లు భావింపవలెననియు, వానిని పంపివేయరాదనియు మనుస్మృతి తృతీయాధ్యాయము విధించినది. దారిలో సత్రములు, దీపములు లేని కాలమున చీకటిలో నడచు బాటసారికి తెరచియున్న తలుపే ప్రాణాధారము గదా! ఆ అధ్యాయములోనే మరియొక విధి కలదు. సాయంకాలమున సిద్ధమైన అన్నమునుండి బలిహరణమును గృహిణి మంత్రము లేకయే చేయవలెను. అనగా రాత్రి వంట కేవలము ఇంటిపని కాదు. దానిలో భూతయజ్ఞము ఉన్నది. ఆ యజ్ఞమునకు కర్త గృహిణి.

వడ్డన క్రమమును కూడ శాస్త్రకారులు నిర్దేశించిరి. క్రొత్తగా పెండ్లియైన ఆడపడుచులకు, బాలికలకు, రోగులకు, గర్భవతులకు అతిథులకంటెను ముందే సందేహింపక పెట్టవలెనని మనువు శాసించెను. ఆపస్తంబుడు మరియొక అడుగు ముందునకు వేసెను. తనకును, భార్యకును, పుత్రునకును తక్కువ చేసికొన్నను చేసికొనవచ్చును గాని, ఇంట పని చేయువానికి మాత్రము తక్కువ చేయరాదని ఆయన ధర్మసూత్రము. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత మూడవ అధ్యాయములో భగవానుడు చెప్పిన మాటకును, ఋగ్వేదము పదవ మండలమందలి దానసూక్తమునకును ఈ క్రమమే ఆచరణరూపము.

ఆహారశుద్ధి యనగా ఏది?

ఆహారము శుద్ధమైనచో సత్త్వము శుద్ధమగునని ఛాందోగ్యము ఏడవ అధ్యాయము తెలుపును. ఈ వాక్యమును ఆచార్యులు ఇద్దరు రెండు విధములుగా వ్యాఖ్యానించిరి. శ్రీ శంకర భగవత్పాదులు ఆహారమనగా ఇంద్రియములచేత లోపలికి గ్రహింపబడు శబ్దాది విషయజ్ఞానమనిరి. రాగద్వేషములు లేని గ్రహణమే ఆహారశుద్ధి. శ్రీ రామానుజాచార్యులు భుజించు అన్నమునందే దృష్టి నిలిపి, పదార్థముయొక్క జాతిని బట్టియు, అది లభించిన ఆశ్రయమును బట్టియు, తరువాత తగిలిన నిమిత్తమును బట్టియు కలుగు దోషములు లేకుండుటను చెప్పిరి. గృహస్థునకు ఈ రెండు వ్యాఖ్యలును అవసరములే. పరిశుద్ధమైన పప్పన్నమును తినుచు, చేతిలోని ఫోనులో పరనిందను చూచువాడు రామానుజుల పరీక్షలో నెగ్గినను శంకరుల పరీక్షలో ఓడును.

గీత పదునేడవ అధ్యాయములోని ఆహారవిభాగమును గూర్చియు ఒక అపోహ కలదు. సాత్త్వికమనగా చప్పనిది, ఎండినది, రుచి లేనిది అని పలువురు తలంతురు. భగవానుడు చెప్పిన లక్షణములు వేరు: రసము గలది, స్నిగ్ధమైనది, దేహమున నిలుచునది, హృదయమునకు ప్రియమైనది. అనగా తగినంత నెయ్యి, తగినంత రుచి ఉండవలెను. రూక్షమైనది, అనగా ఎండు గుణము గలది, రాజసములో చేరినది. అతికారము, అతి పులుపు, అతి ఉప్పు కూడ అందులోనివే. ఇక తామసములో యాతయామమను పదమునకు జాము గడచినదని కొందరును, సరిగా ఉడకనిదని శంకరులును అర్థము చెప్పిరి. రాత్రి గడచిన అన్నము కూడ తామసములోనే పరిగణింపబడినది.

అట్లయినచో మన చద్దన్నము మాట ఏమి? పోతనామాత్యుని భాగవతములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి యమునాతీరమున చల్దులు ఆరగించు ఘట్టము తెలుగువారికి ప్రాణసమానము. నిషేధము చెప్పిన భగవానుడే చద్ది తినినాడు! దీనికి శాస్త్రములోనే మార్గము కలదు. స్నేహద్రవ్యము కలిసిన భక్ష్యములు నిలువ ఉన్నను గ్రాహ్యములని మనువు చెప్పెను. పులిసిన పదార్థములలో పెరుగునకును, పెరుగునుండి కలిగినవానికిని మినహాయింపు ఇచ్చెను. పెరుగు కలిపిన చద్ది శ్రమజీవి యొక్క ఉదయాహారము. అది వ్యర్థము చేయక కాపాడిన అన్నము. కుళ్లిన దానికిని కాపాడిన దానికిని గల భేదమును వంటయిల్లు ఎరుగును; పట్టిక ఎరుగదు.

శ్రీకృష్ణదేవరాయలు చూచిన వంటయిల్లు

క్రీ.శ. 16వ శతాబ్ది ఆరంభమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు భాగవతులకు చేసిన అన్నసంతర్పణము వర్ణింపబడినది. ఒక చక్రవర్తి ఒక సామాన్య భక్తుని ఇంటి భోజనమును ఇంత సూక్ష్మముగా గమనించుట సాహిత్యమున అరుదు. ఋతువును బట్టి వంట మారును. వర్షాకాలమున వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి. గ్రీష్మమున నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకు రసము, కొబ్బరి నీరు, నీరుమజ్జిగ. శీతకాలమున క్రొత్త బియ్యపు అన్నము, మిరియపు పొడితో చుర్రుమను వేడి కూరలు, ముక్కునకు ఘాటు తగులు ఆవపచ్చళ్లు, కాగిన పాలు.

ఇందు ఒక చిన్న విషయము నన్ను ఎప్పుడును నిలిపివేయును. వానలకు కట్టెలు తడిసి పొగ వచ్చును గదా. ఆ పొగ భార్య కన్నులకు సోకకుండుటకై విష్ణుచిత్తుని ఇంట పొయ్యిలో కొబ్బరి చిప్పలను వాడిరని రాయలవారు వ్రాసిరి. అతిథులు పంక్తిలో కూర్చుండి పొగడుచున్నపుడు పొయ్యి ముందు కూర్చున్నదాని కన్నులను గూర్చి ఎందరు తలంచిరి? అతిథిసేవకు ప్రసిద్ధుడైన ఆ భక్తుని ధర్మములో, వండు గృహిణిపై దయ కూడ చేరియున్నది. ఇది మనము మరల చేపట్టవలసిన సూత్రము.

ఓడలపై వచ్చినవి, కాలువలు తెచ్చినవి

రాయలవారి వర్ణనలో కారమునకు మిరియమే కలదు, మిరపకాయ లేదు. మిరప, బంగాళాదుంప, టొమాటో మూడును అమెరికా ఖండముల పంటలు. పోర్చుగీసువారి ఓడలు భారతతీరమునకు వచ్చిన తరువాతనే ఇవి మన దేశమును చేరినవి. మిరియము పోలికతో మిరప యను పేరును, బంగాళదేశము మీదుగా వచ్చినదను తలంపుతో బంగాళాదుంప యను పేరును వచ్చినవి. నేడు గుంటూరు మిరపకు రాజధాని. అయిదువందల సంవత్సరముల క్రిందట ఆ కారమును తెలుగువారు ఎరుగరు. ఈ సత్యమునకు సాక్ష్యము ప్రతి సంవత్సరము మన ఇండ్లలోనే లభించును. పితృకార్యమునాటి వంటలో నేటికిని అనేక కుటుంబములవారు మిరపకాయ, టొమాటో, బంగాళాదుంప, క్యాబేజీ వాడరు. మిరియము, జీలకర్ర, అల్లము మాత్రమే. ఆనాటి వంట మన పూర్వుల నిత్యభోజనమునకు ఒక ప్రతిబింబము. పితృదేవతలకు వారెరిగిన రుచినే సమర్పించుచున్నాము.

వరియన్నమును గూర్చియు ఇట్టిదే చరిత్ర. మెట్టప్రాంతములలో సామాన్యుని నిత్యాహారము జొన్న, రాగి, కొర్ర, సజ్జ. పలనాటి జొన్నకూటిని గూర్చి విసుగుకొన్న చాటుపద్యములు శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్నవి. రాజాస్థానములలో సన్నన్నము రుచి మరిగిన కవికి ఆ జొన్నకూడు సహింపలేదు. కాని ఆ జొన్నయే పలనాటి వీరులను పోషించినది. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు ప్రాంతమును మహాక్షామము పీడించినది. తదుపరి సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరమువద్ద గోదావరిపై ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైనది. కాలువలు ప్రవహించినంత మేర వరి విస్తరించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చిన పిమ్మట మెట్టప్రాంతపు పేద గృహములలోనికి కూడ తెల్లని అన్నము నిత్యముగా ప్రవేశించినది. ఆకలి తీరినది, అది పుణ్యకార్యము. అయితే జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నము అనేకుల విస్తళ్లనుండి తొలగినవి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత, మన తాతలు తినినదానినే మనము అంగడిలో అధిక మూల్యమునకు కొనుచున్నాము.

కావున సనాతనమని మనము భావించు అన్నము, పప్పు, మిరపకారపు కూర, టొమాటో చారు గల భోజనములో సగము క్రొత్తది. ఇది నిందింపదగిన విషయము కాదు. ధర్మము పదార్థములోనే ఉండినచో అది ఎప్పుడో నశించియుండెడిది. అది వండుటలోను, వడ్డించుటలోను ఉన్నది గనుక నిలిచినది.

చివరి విస్తరి ఎవరిది?

వడ్డన క్రమమును గూర్చి మనుస్మృతి చెప్పిన మాటలను పైన ఉదాహరించితిని. ఆ విధి అంతటితో ముగియలేదు. అతిథులు, బంధువులు, భృత్యులు భుజించిన పిమ్మట మిగిలినదానిని దంపతులు భుజింపవలెనని అది చెప్పుచున్నది. సంస్కృతమున అచట ద్వివచనము వాడబడినది: ఇద్దరును. శేషభోజనము గృహస్థుని వ్రతము; అది భార్యకు మాత్రమే విధింపబడిన శిక్ష కాదు.

కాలక్రమమున ఏమి జరిగినది? పురుషుడు అతిథులతో కలిసి మొదటి పంక్తిలో చేరెను. శేషము మాత్రము స్త్రీకి మిగిలినది. మా మాతామహి రాత్రి పది గంటలకు, ఇంటిలోనివారందరును నిద్రించిన తరువాత, వంటయింటి గడపవద్ద కూర్చుండి గిన్నె అడుగున మిగిలిన చల్లని అన్నమును మజ్జిగతో తినెడిది. కూర ఉండిన దినము ఉండెడిది, లేని దినము లేదు. నాకు ఏడెనిమిది సంవత్సరముల ప్రాయము. ఒకనాడు దాహమై లేచి చూచి, "అమ్మమ్మా, నీకు కూర లేదేమి?" అని అడిగితిని. "మీరు బాగుందని మారు వడ్డించుకున్నారు గదరా, నాకదే చాలు" అనెను. ఆ మాటలో ఆమె త్యాగము సత్యము. మా అందరి అజ్ఞానము కూడ అంతే సత్యము. మేమందరము వేడిగా, స్నిగ్ధముగా, సాత్త్వికముగా భుజించితిమి. గీత తామసమని చెప్పిన చల్లారిన, రసము తొలగిన శేషము ఆ ఇంటి అన్నపూర్ణకు మిగిలినది. పట్టికను అనుసరించి చూచినచో మా ఇంట దోషమే లేదు.

గోదావరి లంకలలో ఈ ధర్మమును పరాకాష్ఠకు కొనిపోయిన ఒక గృహిణి ఉండెను. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునకు కోడలై వచ్చిన డొక్కా సీతమ్మగారు భర్త జోగన్న పంతులుగారి ఇంట దశాబ్దముల పాటు వేళాపాళా లేక అన్నదానము చేసిరి. నదీపాయలు దాటి అలసివచ్చిన బాటసారులకు ఆ ఇంటి పొయ్యి ఆరదను నమ్మకముండెడిది. ఆమె ఒకసారి అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, మార్గమధ్యమున ఆకలిగొన్నవారు తన ఇంటికి పోవుచున్నారని విని, యాత్రను మాని వెనుకకు మరలినదని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయ నదిపై నిర్మింపబడిన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు కూడ ఆమె పేరే పెట్టబడినది.

సీతమ్మగారి కథ విన్నపుడు మనము చేతులు జోడింతుము. జోడింపవలసినదే. కాని అట్టి మహనీయురాలి త్యాగమును చూపి, మన ఇంటి గృహిణిని ప్రతి రాత్రి చివర కూర్చుండబెట్టుట న్యాయము కాదు. త్యాగము తనంత తాను చేసినచో తపస్సు. ఇతరులు అలవాటుగా చేయించుకొన్నచో అది దోపిడియే.

ఈ రాత్రికి

ఇక మొదటి ప్రశ్నకు వత్తము: ఈ రాత్రికి ఏమి వండవలెను? చరకుడు చెప్పిన ఆహారవిధిలో వేడిగా, స్నిగ్ధముగా, మితముగా, మునుపటి భోజనము జీర్ణమైన తరువాత, అతిత్వర లేక, మనస్సు నిలిపి భుజింపవలెనని ఉన్నది. రాత్రి పెరుగు వలదని కూడ ఆయన చెప్పెను. మజ్జిగ దానికి మనవారు కనుగొన్న సమాధానము. వీనిని అనుసరించి, నలుగురున్న కుటుంబమునకు ఒక గంటలోపు సిద్ధమగు వంటను సూచింతును.

ఒక గ్లాసు పెసరపప్పును కమ్మని వాసన వచ్చువరకు వేయించి, కడిగి, సొరకాయ ముక్కలను, చిటికెడు పసుపును చేర్చి, మూడు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికింపవలెను. ఉప్పు వేసి, నేతిలో జీలకర్ర, దంచిన మిరియములు, అల్లము, కరివేపాకు, ఇంగువలతో పోపు పెట్టవలెను. మరిగిన నీటితో కలిపిన జొన్నపిండిని చేతితో తట్టి, పైన తడి అద్ది, పెనముపై కాల్చినచో రొట్టెలు సిద్ధము. రొట్టె చేయుట రానివారు వేడి అన్నముతో సరిపెట్టుకొనవచ్చును. పలుచని మిరియాల చారు, చివర మజ్జిగ. వృద్ధులకు, పసివారికి పప్పును రొట్టెను కలిపి మెత్తగా మెదిపి ఇవ్వవచ్చును. ఇందు పోర్చుగీసువారి ఓడలపై వచ్చినది ఒక్కటియు లేదు. వచ్చినది ఒకటి చేరినను పాపము లేదు.

అంతకంటె ముఖ్యమైన నాలుగు నియమములు ఇవి. పొయ్యి వెలిగించుటకు ముందు పిడికెడు బియ్యమునో జొన్ననో వేరొక పాత్రలో వేసి, నెల చివర ఆకలిగొన్నవారికి చేర్చవలెను. తలుపు తట్టు అతిథి కరవైన ఈ నగరములలో సూర్యుడు తెచ్చు అతిథికి అది భాగము. ఇంట పని చేయువారికి మనము తినునదే పెట్టవలెను గాని మిగిలినది కాదు. భోజనవేళ ఫోనులు వేరొక గదిలో ఉండవలెను. నాలుగవది అన్నిటికంటె సులభము, అన్నిటికంటె విస్మృతము: పాత్రలన్నింటిని నడుమ ఉంచి, వండినవారు కూడ కూర్చున్న తరువాతనే మొదటి ముద్ద ఎత్తవలెను. కూర తక్కువైనచో అందరికిని తక్కువ కావలెను.

వంట సాత్త్వికమో కాదో తెలిసికొనగోరు సాధకులకు ఇక పట్టిక అవసరము తక్కువ. ఈ రాత్రి భోజనము ముగిసిన పిమ్మట వంటయింటిలోనికి వెళ్లి చూడవలెను. అచట ఒకరు ఒంటరిగా గిన్నె అడుగు గీకుచున్నచో, ఆహారశుద్ధి ఇంకను కాలేదు. ఆ గిన్నెను ఆమె చేతినుండి తీసికొని, ఆమెకు పీట వేసి, వేడిగా ఒక రొట్టె కాల్చి వడ్డింపవలెను. సాధన ఆ రొట్టెతో ఆరంభింపవచ్చును.

శుభం భూయాత్.